వెలగకూడని చోటే అసలు పని: లేజర్‌తో చెక్కే బ్యాక్‌లిట్ యాక్రిలిక్ ప్యానెళ్లు

విమానం కాక్‌పిట్‌లో స్విచ్‌ల పక్కన ఉండే అక్షరాలు పగటిపూట బూడిదరంగు పలక మీద తెల్లగా అచ్చువేసినట్టు కనిపిస్తాయి. చీకటి పడి లోపలి దీపాలు వేశాక అవే అక్షరాలు తమంతట తామే వెలుగుతున్నట్టు ఉంటాయి, చుట్టూ ఉన్న పలక మాత్రం చీకట్లో కలిసిపోతుంది. అక్షరం మారలేదు. పగలు దాన్ని చదివించిన వెలుగు ముందు నుంచి వచ్చింది, రాత్రి వెనక నుంచి వస్తోంది. ఇలాంటి పలకలు ఎలా ఉండాలో చెప్పడానికి అమెరికా సైన్యం ఎంఐఎల్-పీ-7788 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణాన్నే పెట్టుకుంది. తరవాత ఇంజినీరింగ్ ప్రమాణాలు రూపొందించే ఎస్‌ఏఈ సంస్థ ఏఎస్7788 పేరుతో ఆ ప్రమాణాన్ని కొనసాగించింది. కార్ల డ్యాష్‌బోర్డు బటన్లు, సంగీత పరికరాలు, యంత్రాల కంట్రోల్ ప్యానెళ్లు, ఇళ్లలో కట్టుకునే ఫ్లైట్ సిమ్యులేటర్లు అన్నిట్లోనూ ఇదే సూత్రం.

చిన్న లేజర్ యంత్రాలు అందుబాటులోకి వచ్చాక ఈ పని ఒక బల్ల మీద పూర్తిచేసుకునేంత దగ్గరకు వచ్చింది. తెల్ల యాక్రిలిక్ షీటు మీద నల్ల రంగు కొట్టడం, అక్షరాలున్న చోట ఆ రంగును లేజర్‌తో లేపేయడం, వెనక ఎల్‌ఈడీలు పెట్టడం. చెప్పుకుంటే ఇంతే. చేసి చూస్తే మొదటి ప్యానెల్ దాదాపు ఎప్పుడూ ఒకేలా విఫలమవుతుంది. అక్షరాలు బాగానే వెలుగుతాయి. కానీ గదిలో దీపం ఆర్పగానే పలకంతా మసకగా గోధుమరంగులో మెరుస్తుంది, అక్కడక్కడ సూదిమొనంత చుక్కలు నక్షత్రాల్లా కనిపిస్తాయి, నాలుగు అంచులూ ట్యూబ్‌లైట్‌లా వెలుగుతాయి. తప్పు లేజర్ సెట్టింగుల్లో ఉందనుకుని రోజులు గడిపేవారున్నారు. నిజానికి ఇందులో లేజర్ వంతు చిన్నది. అక్షరాన్ని వెలిగించడం కంటే మిగతా పలకను చీకటిగా ఉంచడమే కష్టం. పదార్థం, రంగు, పనుల వరుస, దీపాల అమరిక అన్నీ ఆ చీకటి కోసమే తీసుకోవాల్సిన నిర్ణయాలు.

పాలరంగు షీటు ఎందుకు

పారదర్శకమైన యాక్రిలిక్ వాడితే ఎక్కువ వెలుగు వస్తుంది కదా అనిపించడం సహజం. రాత్రి విషయంలో అది నిజమే. పగలు మాత్రం చెక్కిన అక్షరంలోంచి చూపు నేరుగా పెట్టె లోపలి చీకట్లోకి పోతుంది. నల్ల పలక మీద నల్ల రంధ్రాల్లా కనిపించే అక్షరాలను ఎవరూ చదవలేరు. పాలరంగు షీటులో, అంటే ఓపల్ యాక్రిలిక్‌లో, అతి సన్నని తెల్ల వర్ణక రేణువులు కలిసి ఉంటాయి. ముందు నుంచి పడిన వెలుగులో కొంత భాగాన్ని అవి వెనక్కి చెదరగొడతాయి కాబట్టి అక్షరం తెల్లగా కనిపిస్తుంది. వెనక నుంచి వచ్చిన వెలుగును కూడా అదేవిధంగా చెదరగొట్టి ముందుకు పంపుతాయి కాబట్టి ఎల్‌ఈడీ చుక్క అక్షరంలో మచ్చలా కనిపించదు. ఒకే పదార్థం పగటికీ రాత్రికీ పనికొచ్చే ఈ గుణం మీదే మొత్తం నిర్మాణం నిలబడింది. 3 మి.మీ. మందం షీటు చాలా పనులకు సరిపోతుంది.

పేరు ఓపల్ అయినా అన్ని షీట్లూ ఒకేలా ఉండవు. కొన్ని తమపై పడిన వెలుగులో మూడో వంతు కూడా పంపవు, కొన్ని సగానికి మించి పంపుతాయి. ఎక్కువ పంపేవాటిలో ఎల్‌ఈడీ మచ్చలు బయటపడతాయి, తక్కువ పంపేవాటికి దీపాలు గట్టిగా ఉండాలి. ఎల్‌ఈడీ మీద షీటు ముక్కను అసలు ప్యానెల్‌లో ఉండబోయే దూరంలోనే పట్టుకుని చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

షీటు తయారైన పద్ధతి కూడా ముఖ్యమే. అచ్చులో పోసి గట్టిపరిచిన కాస్ట్ యాక్రిలిక్ లేజర్ తగిలినచోట శుభ్రంగా, పొడిగా, గరుకుగా తేలుతుంది. యంత్రంలోంచి నెట్టి సాగదీసిన ఎక్స్‌ట్రూడెడ్ రకం ధర తక్కువే గాని, వేడికి మెత్తబడి జిగురుగా మారి అంచుల దగ్గర గట్లు కడుతుంది. చెక్కే పనికి కాస్ట్ రకమే తీసుకోవాలి, ఈ విషయంలో రాజీపడి లాభం లేదు.

అడ్డుపొర ముందా, వెనకా

వెలుగును ఆపే పొరను రెండు చోట్ల వేయవచ్చు. మొదటిది, పాలరంగు షీటు ముందు ముఖం మీద రంగు కొట్టి అక్కడే చెక్కడం. కాక్‌పిట్ తరహా ప్యానెళ్ల పద్ధతి ఇది. అక్షరం అంచు పదునుగా ఉంటుంది, పక్క నుంచి చూసినా కదిలినట్టు అనిపించదు. దీని బలహీనత ఏమిటంటే వేళ్లు తగిలేది నేరుగా ఆ రంగుకే.

రెండోది, పారదర్శక షీటు వెనక ముఖం మీద రంగు కొట్టి, అక్షరాలను అద్దంలో ప్రతిబింబంలా తిప్పి వెనక నుంచి చెక్కడం. ముందు ముఖం నున్నగా, గాజులా ఉంటుంది, గీతపడినా అక్షరం చెడదు. చెక్కిన గుంతల్లో వెలుగు దాటే తెల్ల రంగు నింపాలి, లేదా వెనక ఓపల్ షీటు ఒకటి చేర్చాలి. లేకపోతే పగటిపూట కనిపించే ఆ నల్ల రంధ్రాల సమస్య తిరిగొస్తుంది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. యాక్రిలిక్ వక్రీభవన గుణకం సుమారు 1.49. అంటే లోపలి నుంచి 42 డిగ్రీల కంటే వాలుగా ముందు ముఖాన్ని తాకిన కిరణం బయటికి రాదు, తిరిగి లోపలికే పరావర్తనం చెందుతుంది. గుంత గరుకుతనం వల్ల అన్ని దిక్కులకూ చెదిరిన వెలుగులో కొంత ఇలా షీటులో చిక్కుకుని అంచుల దాకా ప్రయాణిస్తుంది, దారిలో అడ్డుపొర మీద పడుతుంది. అందుకే ఈ పద్ధతిలో చూసేవారి వైపు తిరిగి ఉండే రంగు కచ్చితంగా నలుపో, ముదురు రంగో అయి ఉండాలి. అక్కడ లేత రంగు ఉంటే ప్రతి అక్షరం చుట్టూ పలచని వెలుగు వలయం కనిపిస్తుంది.

తరచూ చేతులు తగిలే బటన్ ఫలకాలకు, బోర్డులకు వెనక పొర మేలు. దగ్గర నుంచి చదివే చిన్న అక్షరాలకు ముందు పొరే సరైనది. రెండో పద్ధతి చూడటానికి అందంగా ఉంటుందన్న ఒక్క కారణంతో చిన్న అక్షరాలకు దాన్ని ఎంచుకుంటే, తరవాత ప్రతి దశలోనూ ఆ నిర్ణయంతో పోరాడాల్సి వస్తుంది.

ఎంత నలుపు నిజంగా నలుపు

బాగా వెలుగున్న గదిలో నల్లగా కనిపించే రంగు, వెలుగును పూర్తిగా ఆపుతోందని అర్థం కాదు. లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. అక్షరం ప్రకాశం చదరపు మీటరుకు 100 క్యాండెలాలు అనుకుందాం. అడ్డుపొర తనపై పడిన వెలుగులో నూరో వంతు వదిలినా పలక 1 క్యాండెలా ప్రకాశంతో మెరుస్తుంది. చీకటికి అలవాటుపడిన కంటికి అది చాలా ఎక్కువ. పదివేలో వంతుకు దించితే 0.01కి వస్తుంది, అప్పుడే పలక చీకట్లో కలిసిందని అనిపిస్తుంది. పగటి వెలుగులో ఈ రెండు పొరల మధ్య తేడా ఎవరికీ కనిపించదు. స్ప్రే డబ్బాతో ఒక్క పూత వేసి ‘బాగా నల్లగా ఉంది’ అని సంతృప్తిపడిన పలకలన్నీ రాత్రిపూట మెరిసేది ఇందుకే.

అలాగని రంగును మందంగా పోయడం పరిష్కారం కాదు. మందపాటి పూతలో లేజర్ తవ్విన కాలువ అంచులు చిరిగినట్టు అవుతాయి, అడుగున మాడిన రంగు మిగులుతుంది. పలచని పూతలు రెండో మూడో, ఒకదానికొకటి అడ్డదిశలో కొడుతూ, మధ్యలో ఆరనిస్తూ వేయాలి. ఒక పూతలో ధూళి కణం దగ్గర మిగిలిన సూదిరంధ్రం, రెండో పూతలోనూ సరిగ్గా అదే చోట పడే అవకాశం చాలా తక్కువ. మొత్తం మందం అంతే ఉన్నా, ఒక్క పూత కంటే మూడు పూతలు బాగా పనిచేయడానికి కారణం ఇదే.

ఇంకో ఉపాయం ఎక్కువమందికి తట్టదు. రంగు మాత్రమే కాదు, రంగుల వరుస కూడా వెలుగును మారుస్తుంది. నల్ల రంగు కింద, అంటే ఎల్‌ఈడీల వైపు, పలచని తెల్ల పూత ఉంటే అక్కడ పడిన వెలుగు పీల్చుకోబడకుండా వెనక్కి తిరిగి, పెట్టె గోడలకు తగిలి, మళ్లీ ఎక్కడో ఒక అక్షరంలోంచి బయటికి వస్తుంది. పెట్టె లోపలి గోడలకూ తెల్ల రంగు వేస్తే ఈ లాభం పెరుగుతుంది. పాలరంగు షీటు ముందు ముఖం మీద రంగు వేసినప్పుడు షీటే ఆ తెల్ల పొర పని చాలావరకు చేసేస్తుంది. వెనక ముఖం మీద వేసినప్పుడు మాత్రం ముందు నలుపు, దానిపై తెలుపు అనే వరుస పాటించాలి. వెండిరంగు పూత వెలుగును గట్టిగా ఆపుతుంది గాని, అందులోని అల్యూమినియం రేకులు లేజర్ కిరణాన్నీ తిప్పికొట్టి చెక్కడాన్ని గందరగోళం చేస్తాయి. చెక్కే పొరలో లోహపు రంగులు వద్దు.

రంగు పట్టుకోవడం మరో సంగతి. నున్నటి యాక్రిలిక్ మీద రంగు పొరలా లేచి వచ్చేస్తుంది. 400 నుంచి 600 నంబరు ఎమరీ కాగితంతో తడిగా మెత్తగా రుద్ది, సబ్బునీళ్లతో కడిగి, ఆరాక కొట్టాలి. అసిటోన్, లక్కర్ థిన్నర్ దగ్గరికి రానివ్వకూడదు, అవి యాక్రిలిక్‌నే కరిగిస్తాయి. మెరుపు లేని మ్యాట్ రంగు వాడితే పగటిపూట గదిలోని దీపాలు పలక మీద ప్రతిబింబించవు. ఇక ఎండటానికి ఇవ్వాల్సిన సమయం దగ్గర తొందర పనికిరాదు. చేతికి అంటకపోవడం వేరు, లోపలి దాకా గట్టిపడటం వేరు. కనీసం ఒక రోజు ఆగని రంగు లేజర్ కింద ఆవిరయ్యే బదులు కరిగి, అక్షరం అంచున ముద్దకడుతుంది.

ఏ కిరణం ఏం చేస్తుంది

1964లో బెల్ ల్యాబ్స్‌లో కుమార్ పటేల్ కనిపెట్టిన కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఈ పనికి చాలామంది ఎంచుకునేది. దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. మన కంటికి పారదర్శకంగా కనిపించే యాక్రిలిక్ కూడా ఆ కిరణానికి గోడే, పైన పలచని పొరలోనే దాన్ని మింగేస్తుంది. కాబట్టి ఈ లేజర్ రంగును తీసేసి, దాని కింద యాక్రిలిక్‌నూ కొద్దిగా చెక్కుతుంది. అడుగు శుభ్రంగా వస్తుంది, చెక్కిన చోట గరుకుదనం వెలుగును మరికాస్త చెదరగొడుతుంది. అయితే శక్తి ఎక్కువైతే అక్షరం గుంతలా దిగిపోతుంది.

450 నానోమీటర్ల దగ్గర పనిచేసే నీలి డయోడ్ లేజర్ కథ వేరు. నల్ల రంగు దాన్ని పీల్చుకుంటుంది, పారదర్శక యాక్రిలిక్ దాన్ని వదిలేస్తుంది, తెల్లది చెదరగొడుతుంది. అంటే రంగు పోయాక కిరణానికి పట్టు దొరకదు, షీటు దాదాపు చెక్కుచెదరదు. వినడానికి ఇది ఆదర్శంగా ఉంది, కానీ చివరగా మిగిలే అతి పలచని రంగు పొర కూడా కిరణాన్ని సరిగ్గా పీల్చుకోదు. అది గోధుమరంగు మరకగా ఉండిపోయి తెల్లని వెలుగును పసుపుగా మారుస్తుంది. 1064 నానోమీటర్ల లేజర్లు కూడా ఇదే తరహాలో పైరంగును మాత్రమే లేపుతాయి, కార్ల బటన్ల మీద గుర్తులు చెక్కే పరిశ్రమకు అవి బాగా అలవాటు. చేతిలో రెండు రకాలూ ఉంటే యాక్రిలిక్ ప్యానెల్‌కు కార్బన్ డయాక్సైడ్ లేజరే మేలు. అడుగు తేలిన తెల్లదనంలో తేడా కంటితోనే తెలుస్తుంది.

ఆ లేజర్‌లో కిరణం వెడల్పు 6 మి.మీ., కటకం నాభ్యంతరం 50.8 మి.మీ. అయితే సిద్ధాంతం ప్రకారం చుక్క వ్యాసం సుమారు 0.11 మి.మీ. వస్తుంది. 38 మి.మీ. కటకంతో అది 0.09కి దగ్గరవుతుంది, బదులుగా ఎత్తులో చిన్న తేడా వచ్చినా ఫోకస్ చెడుతుంది. కాబట్టి వంగిన షీటును బల్లకు నొక్కి ఉంచాలి. గీతకూ గీతకూ మధ్య దూరం 0.05 మి.మీ. అంటే 500 డీపీఐ (అంగుళానికి సుమారు 500 గీతలు) పెడితే చుక్కలు సగం సగం ఒకదానిపై ఒకటి పడి, మధ్యలో రంగు చారలు మిగలవు. గాజు ట్యూబు యంత్రాల్లో మరీ తక్కువ శక్తి దగ్గర కిరణం నిలకడగా ఉండదు. అందువల్ల శక్తిని అట్టడుగుకు దించేకంటే వేగం పెంచి సరిచేయడం మంచిది. ఒకే బలమైన వరస కంటే, రంగు తీయడానికి ఒకటి, మిగిలిన మసి తుడవడానికి అంతకంటే తేలికైన రెండోది అనే పద్ధతి నమ్మదగినది. పొగ లాగే ఫ్యాను ఏ వైపు ఉందో చూసి, దానికి దూరంగా ఉన్న అంచు నుంచి మొదలుపెట్టి ఫ్యాను వైపు చెక్కుకుంటూ వెళ్తే పొగలోని జిడ్డు ఇంకా చెక్కని రంగు మీద పడుతుంది. ఫ్యాను వైపు నుంచి మొదలుపెట్టి దూరంగా వస్తే ఆ జిడ్డు అప్పటికే శుభ్రమైన అక్షరాల మీద చేరుతుంది. సాధారణంగా మొదటిదే మేలు, అయినా యంత్రంలో గాలి వీచే తీరును బట్టి ఇది మారవచ్చు కాబట్టి, వృథా ముక్క మీద రెండు దిశలూ చూడటం అవసరం.

చుక్క వెడల్పు వల్ల అక్షరాలు లావెక్కుతాయి. 0.4 మి.మీ. గీత గీస్తే రెండువైపులా సగం చుక్క చొప్పున పెరిగి 0.5 మి.మీ. దాటుతుంది. వెలుగుతున్న గీత కంటికి ఇంకా లావుగా అనిపిస్తుంది. ఇంగ్లిషు పెద్దక్షరాలు దీన్ని ఓర్చుకుంటాయి. తెలుగు లిపికి మాత్రం ఇది నిజమైన పరీక్ష. థకూ ధకూ, ఠకూ రకూ తేడా లోపలి చిన్న చుక్కే. గీత లావై లోపలి ఖాళీ మూసుకుపోతే చుక్క గీతలో కలిసిపోతుంది, అక్షరం మారిపోతుంది. వత్తులు, గుడులు కూడా అంతే. తెలుగులో చెక్కేటప్పుడు సన్నని గీతలున్న ఫాంటు తీసుకుని, గీతను చుక్క వెడల్పు మేర లోపలికి కుదించి, అక్షరం పరిమాణం పెంచాలి. ఒక మేలు కూడా ఉంది. స్టెన్సిల్‌లో లాగా సున్నా మధ్యభాగం ఊడిపోదు, అది షీటుకే అతుక్కుని ఉంటుంది.

కోయడం, చెక్కడం ఏది ముందు

రంగు వేసి, చెక్కి, షీటును కదపకుండానే అదే యంత్రంలో బయటి ఆకారం, స్విచ్ రంధ్రాలు కోసేస్తే అక్షరాలు రంధ్రాలతో సరిగ్గా సరిపోతాయి. ఈ వరుసకు ఒక షరతు ఉంది. లేజర్ కోత యాక్రిలిక్ అంచుల్లో అంతర్గత ఒత్తిడి మిగులుస్తుంది. ఆ తరవాత ఆల్కహాల్ గాని, ద్రావకం ఉన్న స్ప్రే గాని తగిలితే అంచుల నుంచి సన్నని పగుళ్లు పాకుతాయి. అప్పటిదాకా అద్భుతంగా వచ్చిన ప్యానెల్ తుడిచిన మరుసటి నిమిషంలో పగుళ్లు పడటం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ముందే కోసి, సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు వేడిచేసి మెల్లగా చల్లార్చి, ఆపైన రంగు వేసి చెక్కితే ఆ భయం ఉండదు. కానీ ముక్కను మళ్లీ అదే స్థానంలో కూర్చోబెట్టే ఫ్రేము కావాలి. ఒకటి రెండు ప్యానెళ్లకు మొదటి వరుస, కోశాక సబ్బునీళ్లు తప్ప మరేదీ తాకనివ్వకూడదన్న నియమంతో. ఎక్కువ సంఖ్యలో చేయాల్సివస్తే రెండోది.

కోసిన అంచులన్నిటికీ, స్విచ్ రంధ్రాల లోపలి గోడలకు కూడా, నల్ల రంగు పూయాలి, అదీ ద్రావకం లేని నీటి ఆధారిత రంగుతో కుంచె పెట్టి. రంధ్రం లోపలి అంచును మరిచిపోతే ప్రతి స్విచ్ చుట్టూ ఒక వెలుగు ఉంగరం తయారవుతుంది.

వెనక దీపాలు

బోర్డు మీద అతికించే చదునైన ఎల్‌ఈడీలు చాలావరకు 120 డిగ్రీల కోణంలో వెలుగు చిమ్ముతాయి. ఒక వరుసలో ఎల్‌ఈడీల మధ్య దూరం, వాటికీ షీటుకూ మధ్య దూరం సమానంగా ఉంటే, రెండు ఎల్‌ఈడీల నడుమ పడే వెలుగు సరిగ్గా ఎల్‌ఈడీ ఎదుట పడేదాని కంటే దాదాపు 5 శాతమే తక్కువ. ఓపల్ షీటు ఆ తేడాను మింగేస్తుంది. ఎల్‌ఈడీల మధ్య దూరం రెట్టింపు చేస్తే నడుమ వెలుగు సగానికి పడిపోతుంది, అప్పుడు ఏ షీటూ కాపాడలేదు. పెట్టె లోతు 15 మి.మీ. అయితే ఎల్‌ఈడీలు 15 మి.మీ.కు ఒకటి. లోతు లేనిచోట ఎల్‌ఈడీల సంఖ్య పెంచాలి గాని ఒక్కోదాని ప్రకాశం కాదు.

పక్కపక్కనే ఉన్న రెండు గుర్తులు వేర్వేరుగా వెలగాలంటే మధ్యలో గోడ కట్టడం ఒక్కటే చాలదు. ఓపల్ షీటే వెలుగును పక్కకు మోసుకుపోతుంది. ఆ రెండింటి మధ్య వెనక నుంచి లోతైన గాడి చెక్కి నల్ల రంగు నింపాలి, లేదా విడి ముక్కలుగా చేయాలి. రంగు వెలుగు కావాలంటే ఎల్‌ఈడీకీ షీటుకూ మధ్య రంగు ఫిల్మ్ పెట్టడం తేలిక, పగటిపూట అక్షరం తెల్లగానే ఉంటుంది.

పొగ విషయంలో ఉదాసీనత కూడదు. వేడికి యాక్రిలిక్ ఎక్కువభాగం తన మూల పదార్థమైన మిథైల్ మెథాక్రిలేట్ ఆవిరిగా విడిపోతుంది. అది ఘాటైనది, మండే గుణం కలది. పొగను బయటికి పంపే ఏర్పాటు లేకుండా, మనిషి దగ్గర లేకుండా యంత్రాన్ని నడపకూడదు. పీవీసీ వినైల్‌ను మాస్కుగా అతికించి లేజర్ కింద పెట్టకూడదు, దాన్నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడి ఊపిరితిత్తులనూ యంత్రాన్నీ తినేస్తుంది. ఒక యంత్రం మూత ఇంకో యంత్రానికి రక్షణ అనుకోవడం కూడా ప్రమాదమే. కార్బన్ డయాక్సైడ్ కిరణాన్ని ఆపే పారదర్శక యాక్రిలిక్ మూతలోంచి నీలి కిరణం నేరుగా కంటికి చేరుతుంది.

ప్యానెల్ బిగించే ముందు గది పూర్తిగా చీకటి చేసి, ఎల్‌ఈడీలను గరిష్ఠ ప్రకాశంతో వెలిగించి, కళ్లు చీకటికి అలవాటుపడేదాకా కొన్ని నిమిషాలు ఆగి చూడాలి. ఫోన్ కెమెరాలో ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చి తీసిన ఫొటో కంటికి అందని సూదిరంధ్రాలను కూడా పట్టిస్తుంది. దొరికిన ప్రతి రంధ్రం మీదా సన్నని కుంచెతో అదే మ్యాట్ రంగు చుక్క పెట్టి, ఆరాక మళ్లీ దీపం ఆర్పి చూడాలి.